హంఫ్రీ డేవీ – మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను సమీపమున ఒక కమ్మరి యింట జన్మించెను. తండ్రి తరచు వ్యాధిగ్రస్తుడగుటచే ఇల్లు గడచుటయే కష్టముగా నుండెను. బాలునకు బడిలో అబ్బినది చదువుట, వ్రాయుట, కొలది లెక్కలు మాత్రమే. 1804లో ఒక పుస్తక విక్రేతయొద్ద పనికి కుదిరి, మరుసటి యేటినుండి ఏడేండ్లు పుస్తకములు బైండు చేయు పని నేర్చెను. చేతికి వచ్చిన పుస్తకములను కట్టి యూరకుండక, రాత్రులయందు చదువ మొదలిడెను. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలోని విద్యుత్తును గూర్చిన వ్యాసమును, జేన్ మార్సెట్ అను విదుషి రచించిన రసాయనశాస్త్ర గ్రంథమును అతని మనస్సును విజ్ఞానమువైపు మరల్చెను.

అప్పుడు లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌నందు హంఫ్రీ డేవీ ఆచార్యుడుగా నుండెను. ఆయనయు కలవారి బిడ్డ కాడు. 1778లో కార్న్‌వాల్ ప్రాంతమందలి పెన్‌జాన్స్‌లో జన్మించి, వైద్యునియొద్ద శిష్యరికము చేసి, స్వయంకృషిచే పైకి వచ్చెను. 1807లో విద్యుత్ప్రవాహ సాయమున పొటాసియము, సోడియము అను లోహములను వేరుచేసి కీర్తి గాంచెను. 1812లో సర్ బిరుదమును పొంది, సంపన్నురాలగు వితంతువును వివాహమాడెను.

ఆ సంవత్సరమే అంగడికి వచ్చు ఒక సహృదయుడు టిక్కెట్లీయగా ఫారడే డేవీ యుపన్యాసములను నాలిగింటిని వినెను. విన్నదానిని పటములతో వ్రాసి, తానే బైండు చేసి, కొలువు కోరుచు డేవీకి పంపెను. 1813 మార్చిలో ప్రయోగశాలయందు సహాయకోద్యోగము లభించెను. శరదృతువున డేవీ దంపతులతో యూరపు యాత్రకు వెడలెను. పారిస్‌లో ఆంపియరును, మిలాన్‌లో వోల్టాను చూచు భాగ్యము కలిగినను, డేవీ భార్య అతనిని సేవకునిగా జూచుటచే మిక్కిలి నొచ్చుకొనెను.

1821లో విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంతముచుట్టు తిరుగునట్లు ఫారడే చేసి చూపెను. వొలాస్టన్ అను పెద్ద శాస్త్రజ్ఞుని యాలోచనను, ఆయన పేరు చెప్పక వాడుకొనెనని అపవాదు పుట్టెను. గురుశిష్యుల నడుమ పొరపొచ్చెము లేర్పడెను. ఫారడేను రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకొనవలెనని మిత్రులు ప్రతిపాదింపగా, అధ్యక్షుడగు డేవీ దానిని వ్యతిరేకించెను. పేరును ఉపసంహరించుకొనుమని శిష్యుని కోరెను. ప్రతిపాదించినది తాను కాదు గనుక ఫారడే అంగీకరింపలేదు. విశేషమేమన, ఆ పత్రముపై వొలాస్టన్ స్వయముగా సంతకము చేసెను. 1824 జనవరిలో ఒకేయొక వ్యతిరేకపు వోటుతో ఫారడే ఎన్నికయ్యెను.

1829లో డేవీ జినీవాలో మరణించెను. రెండేండ్ల పిదప, 1831 ఆగష్టు 29న, ఫారడే ఒక ఇనుప కడియమునకు రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానియందు విద్యుత్తును ప్రారంభించినప్పుడును, ఆపినప్పుడును, రెండవదానియందు క్షణకాలము విద్యుత్తు పుట్టుట కనుగొనెను. నేటి విద్యుదుత్పత్తి యంత్రములకు ఈ సూత్రమే ఆధారము.

డేవీ పదవులను, బిరుదులను కోరి పొందెను. ఫారడే సర్ బిరుదమును, రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని నిరాకరించెను. అయినను తనను అంగడినుండి పైకి తెచ్చినది డేవీయేయని మరువక, ఆయనయెడ గౌరవమును వీడలేదు. 1867 ఆగష్టు 25న ఫారడే కన్నుమూసెను. నాడు కొలువు కోరి పంపిన చేతివ్రాత పుస్తకము నేటికిని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భద్రముగా నున్నది. గ్రంథాలయమునకు వచ్చి పోవు మన బాలురు ఆ పుస్తకమును తలచుకొందురు గాక.