ఒమాహా తెగ వైద్యురాలు డాక్టర్ సుసాన్ పికాట్

అమెరికా ఆదివాసులలో వైద్యపట్టా పొందిన తొలి మహిళ డాక్టర్ సుసాన్ లా ఫ్లెష్ పికాట్. నెబ్రాస్కాలో ఒమాహా తెగకు మిగిలిన భూభాగంలో 1865 జూన్ 17న ఆమె జన్మించారు. తండ్రి జోసెఫ్ లా ఫ్లెష్ ఆ తెగ నాయకుడు.

బాల్యంలో ఒకనాటి రాత్రి సుసాన్ రోగపీడితురాలైన ఒక వృద్ధురాలి చెంత కూర్చున్నారు. ప్రభుత్వ వైద్యునికి నాలుగు పర్యాయాలు కబురు వెళ్లింది. ఆయన మాత్రం రాలేదు. తెల్లవారకముందే ఆ ముసలితల్లి కన్నుమూసింది. తెల్లదొరల దృష్టిలో ఆదివాసి ప్రాణం విలువ ఎంతో ఆ బాలికకు అప్పుడే తెలిసివచ్చింది.

న్యూజెర్సీలోను, వర్జీనియాలోని హాంప్టన్ విద్యాలయంలోను చదివిన పిమ్మట ఆమె ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరారు. కనెక్టికట్ మహిళల సంఘం ఒకటి ఖర్చు భరించింది. 1889లో తరగతిలో ప్రథమురాలిగా ఉత్తీర్ణులై స్వస్థలానికే తిరిగివచ్చారు.

ప్రభుత్వం ఆమెను నియమించింది పాఠశాల పిల్లల వైద్యానికి. అనతికాలంలోనే పెద్దలూ ఆమె వద్దకే రాసాగారు. పన్నెండు వందలకు పైబడిన జనానికి ఆమె ఒక్కరే వైద్యురాలు. మంచు కురిసే వేళల్లోనూ గుర్రంపైనో, గుర్రపుబండిలోనో ఇల్లిల్లూ తిరిగారు. రోగులతో ఒమాహా భాషలోనే మాట్లాడేవారు. బాధను సొంత భాషలో చెప్పుకొనడంలోని ఊరట ఎటువంటిదో సరిహద్దు పల్లెలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. క్షయ ప్రబలిన ఆ రోజుల్లో అందరూ ఒకే పాత్రతో నీరు త్రాగరాదని, ఈగలు చొరబడకుండా తలుపులకు జాలీలు బిగించుకోవాలని నచ్చజెప్పేవారు.

ఆరోగ్యం క్షీణించి 1893లో ఉద్యోగం వదులుకున్నారు. మరుసటి ఏడు హెన్రీ పికాట్‌ను వివాహమాడారు. ఇద్దరు కుమారులు కలిగారు. మద్యపానంపై జీవితాంతం పోరాడిన ఆమె ఇంటనే ఆ వ్యసనం అడుగుపెట్టడం విధి వైపరీత్యం. 1905లో భర్త మరణించారు. ఆయన భూమిని బిడ్డలకు దక్కించుకొనడానికి కార్యాలయాల చుట్టూ తిరిగి విసిగిన అనుభవమే ఆమెను తెగ భూహక్కుల పోరాటంలోకి దింపింది. 1910లో బృందంతో వాషింగ్టన్ వెళ్లి ఒమాహాల పక్షాన వాదించారు.

ఆసుపత్రి నిర్మాణం ఆమె చిరకాల వాంఛ. ప్రభుత్వ ధనంతో నిమిత్తం లేకుండా, దాతల విరాళాలతో 1913లో వాల్టిల్ పట్టణంలో అది వెలసింది. ఆదివాసులకూ తెల్లవారికీ అక్కడ ఒకే విధంగా చికిత్స లభించింది. అందులో ఆమె సేవ చేయగలిగినది రెండేళ్లే. 1915 సెప్టెంబర్ 18న, యాభయ్యవ ఏట కన్నుమూశారు. ఆ ఆసుపత్రికి తరువాత ఆమె పేరే పెట్టారు. 1993లో ఆ భవనం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది.