ఆగని నీలం రంగు: మన యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఈసారి మన పత్రికకి డీప్ లెర్నింగ్ మీద ఏదైనా రాయమన్నారు. కంప్యూటర్ విజన్, రీజనింగ్ మోడల్స్, ట్రేడింగ్ బాట్లు... వీటి మీద వీడియోలకి కొదవ లేదు. నేను మాత్రం 1948లోనే కన్నుమూసిన ఒక పెద్దాయన గురించి రాస్తున్నాను. ఊరు భీమవరం, పేరు యల్లాప్రగడ సుబ్బారావు. డీప్ లెర్నింగ్‌కీ ఆయనకీ ఏంటి సంబంధం అంటారా? మనం అనుకున్న లెక్కకి లొంగని రీడింగ్ ఒకటి వస్తే దాన్ని ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న ఇవాళ మోడల్ ట్రైన్ చేసేవాళ్ళందరికీ ఎదురవుతోంది. ఆయనకి వందేళ్ళ క్రితమే ఎదురైంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. నాన్న జగన్నాథం గారు, అమ్మ వెంకమ్మ గారు. పిల్లలు ఏడుగురు, డబ్బులు అంతంతమాత్రం. పదమూడేళ్ళ వయసులో కాశీకి వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి బాగా సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయాడు ఈయన. వెంకమ్మ గారు ఊరుకుంటారా? వెనక్కి రప్పించి మళ్ళీ చదువులో పడేశారు. రాజమండ్రిలో చదివి మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. సప్లీలు రాస్తున్న మిత్రులు ఈ సంగతి ఒకసారి గుర్తుపెట్టుకోవాలి.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకునే రోజుల్లో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకుందాం అనుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టుకుని ఆపరేషన్ గదికి వెళ్తే సర్జరీ ప్రొఫెసర్‌కి మండింది. రాత పరీక్షలు బాగా రాసినా చివరికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. దాంతో ప్రభుత్వ ఉద్యోగం దారి మూసుకుపోయింది. మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ ఉన్నారు.

ఈ మధ్యలోనే ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. స్ప్రూ అంటే తిన్నది ఒంటికి పట్టని పేగుల జబ్బు. విరేచనాలు, రక్తహీనత, మనిషి రోజురోజుకీ చిక్కి శల్యమైపోవడం. ఎందుకొస్తుందో అప్పటికి ఎవరికీ తెలీదు. ఆ తర్వాత ఈయనకీ అదే వచ్చింది, ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. మామగారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వాళ్ళు డబ్బు సర్దితే, భార్య శేషగిరి గారిని ఇక్కడే వదిలి ఓడెక్కారు. 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. మళ్ళీ మన దేశం తిరిగి రాలేదు.

హార్వర్డులో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చదువుతూ, ఖర్చులకి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. తర్వాత సైరస్ ఫిస్కే అనే బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ ల్యాబులో చేరారు. మన సబ్జెక్టు ఇక్కడే మొదలవుతుంది.

రక్తంలో, మూత్రంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. దానికి వీళ్ళిద్దరూ 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. శాంపిల్‌కి ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం చేరిస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ రంగుని కలరీమీటర్‌లో కంటితోనే పోల్చాలి. అద్దంలోంచి చూస్తే ఒక సగం మన శాంపిల్ నీలం, రెండో సగం ముందే మోతాదు తెలిసిన ద్రావణం నీలం. మర తిప్పుతూ రెండు సగాలూ ఒకేలా కనిపించేదాకా సరిచేసి, ద్రావణాల లోతుల నిష్పత్తిని బట్టి లెక్క కట్టాలి. మన భాషలో చెప్పాలంటే ఇది పిక్సెల్ విలువ చూసి సంఖ్య చెప్పే రిగ్రెషన్. కెమెరా బదులు కన్ను, లేబుల్ బదులు ఆ తెలిసిన ద్రావణం. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా ల్యాబుల్లో వాడారు.

అయితే కండరం నుంచి తీసిన ద్రావణంతో ఒక చిక్కొచ్చింది. మామూలు శాంపిళ్ళలో రంగు వచ్చాక నిలబడుతుంది. కండరం శాంపిల్‌లో మాత్రం నిలబడలేదు, ఇంకా ఇంకా చిక్కబడుతూ పోయింది. ఇప్పుడు చూస్తే ఒక రీడింగు, కాసేపాగి చూస్తే ఇంకో రీడింగు. పద్ధతి వీళ్ళదే, దానికి పేరు అప్పుడప్పుడే వస్తోంది. పద్ధతిలో లోపం అనుకోవచ్చు, శాంపిల్ పాడైందని పారబోయొచ్చు, ఫలానా నిమిషానికే రీడింగ్ తియ్యాలని ఒక రూలు రాసేసి ముందుకెళ్ళొచ్చు. వీళ్ళు ఆ పనులేవీ చెయ్యలేదు. కండరంలో ఉన్నదంతా మామూలు ఫాస్ఫేట్ కాదేమో, వేరే దేనితోనో కలిసి ఉండి ఆ ఆమ్లంలో మెల్లమెల్లగా విడిపోతోందేమో అని అనుమానించారు.

అనుమానంతో ఆగలేదు, దాన్ని పరీక్షకి పెట్టారు. కండరాన్ని పనిచేయిస్తే ఆ పదార్థం తగ్గింది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరిగింది. విడదీసి చూస్తే క్రియాటిన్, ఫాస్ఫేట్ బయటపడ్డాయి. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే కాలంలో దాన్ని కనిపెట్టారు. కండరం కదలిక అంతా లాక్టిక్ ఆమ్లం మహిమే అని అప్పటిదాకా ఉన్న నమ్మకం దీంతో కదిలింది. 1929లో అదే ల్యాబు నుంచి ఏటీపీ వచ్చింది, జర్మనీలో లోమన్ కూడా అదే సమయంలో దాన్ని వేరుచేశాడు. ఇంటర్‌లో మనం బట్టీపట్టిన ఏటీపీ వెనక ఒక భీమవరం మనిషి ఉన్నాడని మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఇవాళ్టి సంగతికి వద్దాం. డీప్ లెర్నింగ్‌లో మోడల్‌కి మింగుడుపడని ఉదాహరణలు, అంటే లాస్ ఎక్కువ వచ్చేవి, ఎప్పుడూ కొన్ని ఉంటాయి. వాటిని ఏం చెయ్యాలన్న దాని మీద పరిశోధకులు రెండు దారుల్లో వెళ్ళారు. 2017లో వచ్చిన ఫోకల్ లాస్ కష్టమైన ఉదాహరణలకే ఎక్కువ బరువు ఇస్తుంది. 2018లో వచ్చిన కో-టీచింగ్ దానికి పూర్తిగా ఉల్టా. లాస్ ఎక్కువ వచ్చిన వాటికి లేబుల్ తప్పు పడి ఉంటుందని పక్కన పెట్టేస్తుంది. రెండూ మంచి పేపర్లే, రెండూ వాటి వాటి డేటాసెట్ల మీద పనిచేశాయి. మరి నా డేటాలో ఉన్న ఆ ఒక్క వింత శాంపిల్ కష్టమైనదా, తప్పుదా? లాస్ విలువ ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు. అది ఎంత తేడా వచ్చిందో చెప్తుంది గానీ ఎందుకు వచ్చిందో చెప్పదు. ఎందుకో తెలియాలంటే సుబ్బారావు గారిలా మళ్ళీ కండరం దగ్గరికే వెళ్ళాలి.

వెళ్ళకపోతే ఏమవుతుందో కోవిడ్ రోజుల్లో చూశాం. ఛాతీ ఎక్స్‌రే చూసి కోవిడ్ చెప్పేస్తామన్న మోడల్స్ కుప్పలుగా వచ్చాయి, అక్యురసీలు అదిరిపోయాయి. 2021లో కొందరు పరిశోధకులు వాటిని విప్పి చూస్తే, ఊపిరితిత్తుల కంటే ఫిల్మ్ మీద అక్షరాల్నీ, మనిషిని నిలబెట్టిన తీరునీ చూసి జవాబు చెప్తున్నాయని తేలింది. వేరే ఆసుపత్రి ఫిల్ములు పెడితే అక్యురసీ పడిపోయింది. ట్రేడింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1987 అక్టోబరు 19న అమెరికా డౌ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. అవుట్‌లయర్ కదా అని ఆ రోజుని డేటాలోంచి తీసేస్తే బ్యాక్‌టెస్ట్ గ్రాఫు అందంగానే వస్తుంది. డబ్బు పోయేది మాత్రం అలాంటి రోజునే.

మళ్ళీ సుబ్బారావు గారి దగ్గరికి. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డు ఆయనకి స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి వెళ్ళి, అక్కడ పరిశోధనలన్నిటికీ పెద్ద అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేసింది. రక్తహీనతకీ, స్ప్రూకీ అది పనిచేసింది. అన్నదమ్ములు పోయిన జబ్బుకి మందు చేతికొచ్చేసరికి పాతికేళ్ళు గడిచిపోయాయి.

ఫోలిక్ యాసిడ్ కథలో కూడా లెక్క తిరగబడిన ఘట్టం ఒకటుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా ఉన్న పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది. ఆ ఫలితాన్ని దాచిపెట్టకుండా తిరగేసి ఆలోచించారు. ఇస్తే పెరిగేది, అడ్డుకుంటే తగ్గాలి కదా? ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ దాని పని చెడగొట్టే పదార్థాల్ని సుబ్బారావు గారి బృందం తయారుచేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బు ముందు డాక్టర్లు చేతులెత్తేసేవాళ్ళు. దీని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు.

రీజనింగ్ మోడల్స్ గురించి ఇప్పుడు తెగ మాట్లాడుకుంటున్నాం. 2025 జనవరిలో వచ్చిన డీప్‌సీక్ ఆర్1 లాంటివి ఎలా నేర్చుకున్నాయి? ముఖ్యంగా లెక్కలూ, కోడూ ఇచ్చి, చివరి జవాబు సరైతే మార్కు వేసి నేర్పించారు. జవాబు అప్పటికప్పుడు సరిచూడగలిగే చోట ఈ కిటుకు అద్భుతంగా పనిచేస్తుంది. లుకేమియా వార్డులో జవాబుని అలా సరిచూడలేం. మార్కు రావడానికి నెలలు పడుతుంది, ఆ మార్కు వేసేది ఒక పిల్లాడి ఒంట్లోని రక్తం. అక్కడ ఫలితం ఎదురు తిరిగితే అది కూడా డేటాయేనని ఒప్పుకోవడమే రీజనింగ్‌లో మొదటి మెట్టు అని నాకు అనిపిస్తుంది.

మందుల వెతుకులాటలో కూడా ఇదే. ఊరూరి నుంచి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్ని ఒక్కొక్కటే పరీక్షించి, లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ పట్టుకున్నాడు. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటి మందు. 2020లో ఎంఐటీ వాళ్ళు ఒక న్యూరల్ నెట్‌వర్క్‌తో హాలిసిన్ అనే యాంటీబయోటిక్‌ని పట్టుకున్నారు. తర్వాత అదే మోడల్‌తో 10 కోట్లకు పైగా అణువుల్ని జల్లెడ పట్టి, 23 ఎంచి ల్యాబులో పరీక్షిస్తే 8 పనిచేశాయి. వేగం ఎక్కడికో వెళ్ళిపోయింది, కాదనను. కానీ ఆ మోడల్ నేర్చుకున్నది 2,335 అణువుల మీద. ఒక్కో అణువు బ్యాక్టీరియాని ఆపిందా లేదా అని ల్యాబులో ఎవరో ఓపిగ్గా కొలిచి రాసిన లేబుళ్ళవి. ఆ కొలత చెడితే పైన 10 కోట్లున్నా ఒకటే, 100 కోట్లున్నా ఒకటే.

సుబ్బారావు గారి బృందం ఇచ్చిన ఇంకో మందు మనకి మరీ దగ్గరది. 1947లో వచ్చిన హెట్రజాన్, అంటే డీఈసీ. బోదకాలు మందు. గోదావరి జిల్లాల్లో దోమలూ, బోదకాలూ ఎంత మామూలో మన తాతమ్మల్ని అడిగితే చెప్తారు. చిన్నప్పుడు ఆరోగ్య కార్యకర్తలు ఇంటికొచ్చి, తమ ఎదురుగానే మింగమని ఇచ్చిన ఫైలేరియా మాత్రలు గుర్తున్నాయా? అవే. పెర్ల్ రివర్‌లో తయారైన మందు తిరిగి తిరిగి భీమవరం గుమ్మాల్లోకి వచ్చింది. ఆయన మాత్రం రాలేదు.

అమెరికాలో అన్నేళ్ళున్నా అక్కడి పౌరసత్వం తీసుకోలేదు. పేరు కోసం పత్రికల వెంట పడలేదు, కింద పనిచేసిన వాళ్ళనే ముందు నిలబెట్టారు. ఫార్బర్ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకి, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి పోయారు. 53 ఏళ్ళు. తర్వాత ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సీజన్ దగ్గరపడుతోంది. అక్యురసీ 96 నుంచి 98కి వెళ్ళాలంటే ఇబ్బంది పెట్టే నాలుగు వరసలు తీసేస్తే చాలనే సలహా ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. తీసెయ్యొచ్చు, అవి నిజంగా చెత్తే కావచ్చు. తీసే ముందు ఆ నాలుగూ ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరు కొలిచారో, ఎందుకలా ఉన్నాయో ఒక్క సాయంత్రం కూర్చుని చూడండి. ఆ చూసినదాన్ని రిపోర్టులో ఒక పేజీ రాయండి. వైవాలో మార్కులు పెరుగుతాయో లేదో చెప్పలేను గానీ, ఆ రిపోర్టులో నిజంగా మీదైన పేజీ అదొక్కటే కావచ్చు.