చేతిలో వ్రాసిన అక్షరము: ఆనీ సలివాన్ జీవితము

అన్నము లేక కృశించిన దేహమును చూచి లోకము జాలిపడును. తోడు లేక కృశించు మనస్సును గుర్తించువారు అరుదు. బాల్యమున ఒంటరితనమునకు గురియైన బిడ్డ మనస్సు రాయిగా మారినను మారవచ్చును. పరుల ఒంటరితనమును చూచినంతనే గుర్తించునంతటి మెత్తదనమును పొందినను పొందవచ్చును. ఈ రెండు దారుల కూడలిలో నిలిచి, రెండవదానిని పట్టిన ఒక ఉపాధ్యాయురాలి చరిత్ర ఇది. చూపును, వినికిడిని కోల్పోయియు విదుషీమణిగా వన్నెకెక్కిన హెలెన్ కెల్లర్ పేరు మన పాఠశాలల పిల్లలకు కొత్త కాదు. ఆమెకు గురువైన ఆనీ సలివాన్ బాల్యమును ఎరిగినవారు మాత్రము కొందరే.

ఆనీ 1866 ఏప్రిల్ 14వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఫీడింగ్ హిల్స్ అను పల్లెయందు జన్మించెను. తలిదండ్రులు ఐర్లండు దేశపు మహాక్షామమున వలసవచ్చిన నిరుపేదలు. చదువు సంధ్యలకు నోచుకొననివారు. తండ్రి త్రాగుడునకు బానిస. తల్లి క్షయరోగపీడిత. పసితనముననే ఆనీకి ట్రకోమా అను కంటిజబ్బు సోకి, చూపు నానాటికి మందగించెను. ఎనిమిదవ యేట తల్లి గతించెను. కొంతకాలమునకు తండ్రి బిడ్డలను వదలిపెట్టెను. చెల్లెలిని చుట్టములు చేరదీసిరి. కాని చూపు ఆనని ఆనీని, తుంటికి క్షయ సోకి కుంటుచు నడచు తమ్ముడు జిమ్మీని పెంచుటకు ఎవరును ముందుకు రాలేదు.

1876 ఫిబ్రవరిలో ఆ అక్కాతమ్ములను ట్యూక్స్‌బరీ అను ఊరనున్న ప్రభుత్వ శరణాలయమునకు చేర్చిరి. దిక్కులేని వృద్ధులు, రోగులు, మతి చలించినవారు అచట తలదాచుకొనుచుండిరి. ఆడవారికొక సాల, మగవారికొక సాల. తమ్ముని వేరు చేయబోగా ఆనీ ఏడ్చి పెనుగులాడెను. అధికారులు మెత్తబడి వానిని ఆమె చెంతనే ఉండనిచ్చిరి. ఈ లోకమున ఆమెకు తనదని చెప్పుకొనదగినది ఆ ఒక్క చేయియే. కొద్ది నెలలకే ఆ చేయియు చల్లబడెను. పదేండ్ల పిల్ల తమ్ముని శవమును చేతులతో తడిమి తెలిసికొనెను.

అటుపిమ్మట నాలుగు సంవత్సరములకు పైగా ఆమె అచటనే గడపెను. కంటికి చేసిన చికిత్సలు ఫలింపలేదు. అయినను గ్రుడ్డివారికిని బడులు కలవను సంగతి అచటివారి మాటల వలననే ఆమె చెవిని పడెను. 1880లో శరణాలయ పరిశీలనకు అధికారులు వచ్చిరి. వారికి పెద్ద ఫ్రాంక్ సాన్‌బర్న్ అను నతడు. ముఖములు కానరాని ఆ గుంపు వెంట ఆనీ సాలసాలకు తిరిగెను. వారు వెడలిపోవు వేళ ముందుకు దూకి, తనకు చదువుకొనవలెనని ఉన్నదని మొరపెట్టుకొనెను. ఆ మొర వ్యర్థము కాలేదు. ఆ యేడాది అక్టోబరు 7వ తేదీన ఆమె బోస్టను నగరమందలి పెర్కిన్స్ అంధుల పాఠశాలలో ప్రవేశించెను.

బడి దొరకినంతమాత్రమున ఒంటరితనము వీడిపోదు. పదునాలుగేండ్ల ఆనీకి తన పేరు వ్రాయుటయు రాదు. పసిపిల్లల నడుమ కూర్చుండవలసి వచ్చెను. తోడి బాలికలు నవ్విరి. ఆమె ముక్కోపియై, ఎదురు తిరుగునదై, గురువులకు తలనొప్పిగా పరిణమించెను. ప్రేమ దొరకని బిడ్డ కోపమునే కవచముగా తొడుగుకొనుట లోకమున కనబడుచునే యుండును. ఆ కవచమును మెల్లగా విప్పినది సోఫియా హాప్‌కిన్స్ అను గృహపాలకురాలు. కన్నకూతును పోగొట్టుకొనిన ఆ తల్లి, సెలవు దినములలో ఆనీని తన యింటికి తోడ్కొని పోవుచుండెను. ఇంతలో శస్త్రచికిత్సల వలన అచ్చు అక్షరములను చదువగలిగినంత చూపు ఆమెకు లభించెను.

ఆ పాఠశాలయందే లారా బ్రిడ్జ్‌మన్ అను వృద్ధురాలు ఉండెను. చూపును, వినికిడిని చిన్ననాడే కోల్పోయి, సామ్యూల్ హోవె అను విద్వాంసుని వలన భాష నేర్చిన మహిళ ఆమె. ఆమెతో ముచ్చటించుటకు ఆనీ చేతివ్రేళ్ల అక్షరమాలను అభ్యసించెను. అరచేతిలో అక్షరములను గురుతులుగా పలికించు ఆ విద్య ముందుముందు తన జీవితమునకే ఆధారమగునని ఆనాడు ఆమె ఎరుగదు. 1886లో తన తరగతికి ప్రథమురాలై పట్టము పొందెను. వయస్సు ఇరువది. చేత కాసు లేదు. తిరిగి పోవుటకు ఇల్లు లేదు.

అదే సమయమున అలబామా రాష్ట్రమందలి టస్కంబియా నుండి ఆర్థర్ కెల్లర్ అను గృహస్థుడు ఆ పాఠశాలకు లేఖ వ్రాసెను. ఆయన కూతురు హెలెన్ 1880 జూన్ 27వ తేదీన పుట్టి, పందొమ్మిదవ నెలలో జబ్బుపడి, చూపును వినికిడిని కోల్పోయెను. పాఠశాలాధిపతి అనాగ్నోస్ ఆనీని ఎన్నుకొనెను. హోవె వ్రాసిన నివేదికలను నెలల తరబడి చదివి, 1887 మార్చి 3వ తేదీన ఆమె టస్కంబియా చేరెను.

హెలెన్‌కు ఏడవ యేడు నడుచుచుండెను. కొట్టును, గిల్లును, విస్తళ్లలో చేతులు పెట్టి అందరి అన్నమును తినును. తలిదండ్రులు జాలిచేత అడ్డుచెప్పజాలకుండిరి. ఆనీకి మాత్రము ఆ మొండితనము వెనుక నున్నది కొత్త సంగతి కాదు. తన మాట ఎవరికిని అందని బిడ్డ ఆగ్రహమది. తోటలోని చిన్న యింట బిడ్డను తనతో ఒంటరిగా ఉంచుకొనుటకు పెద్దలను ఒప్పించి, ముందు విశ్వాసమును, పిదప విధేయతను సంపాదించెను. ఏప్రిల్ 5వ తేదీన చేతిపంపు చెంత హెలెన్ ఒక చేతిపై నీరు పారుచుండగా, రెండవ చేతిలో నీరు అను మాటను అక్షరాక్షరముగా వ్రాసెను. ప్రతి వస్తువునకు పేరు కలదని బిడ్డకు ఆ క్షణమున తెలిసెను. దోవలో తగిలిన వస్తువుల పేర్లన్నిటిని అడిగెను. తుదకు తన ప్రక్కనున్న మనిషిని చూపి, ఆమె ఎవరని అడిగెను. ఆనీ తన పేరు చెప్పలేదు. ఉపాధ్యాయురాలు అని వ్రాసెను. జీవితాంతము హెలెన్ ఆమెను పిలిచినది ఆ పేరుతోనే.

గంట కొట్టి పాఠము చెప్పు పద్ధతిని ఆనీ త్వరలోనే విడిచెను. చంటిబిడ్డతో తల్లి ఎట్లు మాటలాడునో అట్లే నిండు వాక్యములను దినమంతయు అరచేతిలో పలికెను. 1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరినపుడు ప్రతి ఉపన్యాసమును ఆమె చేతికి అందించినదియు ఆనీయే. 1904లో హెలెన్ పట్టభద్రురాలయ్యెను.

ఆనీ జీవితమున సుఖము తక్కువ. 1905లో జాన్ మేసీ అను పండితుని వివాహమాడెను; కొన్ని సంవత్సరములకు ఆ దంపతులు విడిపోయిరి. శరణాలయపు దినములను గూర్చి ఆమె ఎన్నో ఏండ్లు పెదవి విప్పలేదు. ప్రాణసమానయైన హెలెన్‌కు సైతము వృద్ధాప్యముననే చెప్పెను. చివరి దశలో చూపు తిరిగి పోగా, అంధులకు నడచుట నేర్పిన ఆమెకే శిష్యురాలి తోడు అవసరమయ్యెను. 1936 అక్టోబరు 20వ తేదీన ఆమె కన్నుమూసెను. ఆ వేళ ఆమె చేయి హెలెన్ చేతిలోనే ఉండెను. 1968లో హెలెన్ గతించిన పిమ్మట ఆమె చితాభస్మమును గురువు భస్మము చెంతనే వాషింగ్టన్ నగరపు ప్రార్థనామందిరమున ఉంచిరి.

హెలెన్‌ను ఆనీ ఉద్ధరించెనని లోకము చెప్పుకొనును. అది సగము మాత్రమే సత్యము. తమ్ముని చేయి జారిపోయిన నాటి నుండి వెదకుకొనుచున్న చేయి ఆనీకి టస్కంబియాలో దొరకెను. ఇచ్చినది ఎంతయో పొందినదియు అంతయే. తరగతిలో మొండిగా, మూగగా, కోపముగా కూర్చున్న బిడ్డ కనబడినపుడు, దండించుటకు ముందు ఆ బిడ్డ చేయి పట్టినవారెవరైన కలరా యని విచారించుట గురువులకును తలిదండ్రులకును విధి.