ఊరినే కదిలించిన దుగ్గిరాల

ఆంధ్రరత్న భవన్ అంటే విజయవాడలో చాలామందికి తెలుసు. ఆ ఆంధ్రరత్న ఎవరమ్మా అని అడిగితే మాత్రం మా పిల్లలే కాదు, బెంజ్ సర్కిల్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లు కూడా తడుముకున్నారు. ఇంటి పన్ను గురించి మాట్లాడుకుంటుంటే ఆయన ప్రస్తావన తెచ్చాన్నేను. పన్నుకీ ఆయనకీ సంబంధం ఏమిటని అందరూ నా మొహం చూశారు.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మన పెనుగంచిప్రోలు మనిషే. తిరుపతమ్మ తిరునాళ్లకని వెళ్తామే, ఆ ఊళ్లోనే 1889 జూన్ 2న పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నారు. అయినా చదువు మానలేదు సరికదా, సముద్రాలు దాటి ఎడిన్‌బరోలో ఎం.ఏ. చేసి వచ్చారు. నాట్యశాస్త్రానికి సంబంధించిన అభినయ దర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. అది 1917లో అచ్చయింది. తిరిగొచ్చాక బందరు జాతీయ కళాశాలలో కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. హాయిగా ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోవచ్చు. ఉండలేదు.

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న ఊళ్లు. అక్కడ ఎక్కువమంది మగ్గం మీద బతికేవాళ్లే. చుట్టుపక్కల పల్లెలతో కలిపి యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి సుమారు నాలుగు వేల రూపాయల పన్ను కట్టేవాళ్లు. 1919 తర్వాత ప్రభుత్వం వాటిని మునిసిపాలిటీ చేసింది. దాంతో పన్ను నలభై వేలకు పోయింది. పదింతలు! నేత నేసి పొయ్యి వెలిగించుకునే ఇల్లాలికి అదెంత బరువో మనకు ఒకరు చెప్పాలా?

నన్నడిగితే పన్ను అనేదే తప్పు కాదు. కుళాయి నీళ్లు, వీధి దీపం, చెత్త బండి ఊరికే రావు కదా. ఎవరి దగ్గర, ఎంత, ఎవర్ని అడిగి వసూలు చేశారన్నదే అసలు ప్రశ్న. మన రాష్ట్రంలో 2021 నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద లెక్కేస్తున్నారు. ఒక్కసారిగా భారం పడకుండా ఏడాదికి పదిహేను శాతానికి మించి పెంచకూడదని హద్దూ పెట్టారు. అదే ఏడాది మొదలెట్టిన చెత్త పన్నును ఆడవాళ్లు గుమ్మాల్లోనే నిలదీశారు. 2024లో దాన్ని తీసేశారు. చీరాల వాళ్లకు అలాంటి హద్దు ఎవరు పెట్టారు గనక?

వాళ్లు పన్ను కట్టమన్నారు. కొందరు జైలుకెళ్లారు, అందులో ఒక స్త్రీ కూడా ఉంది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశానికి వచ్చిన గాంధీగారు ఏప్రిల్‌లో చీరాల వెళ్లారు. శాంతంగా పన్ను నిరాకరించి శిక్ష భరించడం ఒక దారి, మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం ఇంకో దారి అని చెప్పారు. గోపాలకృష్ణయ్య రెండోది పట్టుకున్నారు. దాదాపు పదిహేను వేల జనాభాలో పదమూడు వేలమంది దాకా ఆయన వెంట నడిచి, ఊరి పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఆయన రామదండు వాలంటీర్లు కాపలా కాశారు. తగవులు తీర్చుకోవడానికి సొంత పంచాయితీ కూడా పెట్టుకున్నారు.

చరిత్ర పుస్తకాలు దీన్ని నాయకుడి సాహసంగా రాస్తాయి. నాకు మాత్రం ఆ ఆడవాళ్లే కళ్లముందు మెదులుతారు. రోహిణి కార్తె ఎండలో పాకలో వంట, ఆ తర్వాత వానలు, చంటిపిల్లలు, పడుగు తడిసిపోతుందేమోనన్న బెంగ. అలా ఒకటీ రెండూ కాదు, పదకొండు నెలలు! ఇంత భారం వాళ్ల మీద పెట్టడం న్యాయమా అని ఆయన్నీ అడగాలనిపిస్తుంది. కానీ ఇష్టం లేనివాళ్లు అన్నాళ్లు ఉండరు కదా.

ఈలోగా బరంపురంలో నిషేధాన్ని ధిక్కరించి మాట్లాడారని ఆయనకు ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేడు, డబ్బు లేదు. 1922లో జనం ఒక్కొక్కరే పాత ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉంది.

జైలు నుంచి వచ్చాకా ఆయన ఊరికే కూర్చోలేదు. ఇల్లు గడవడమే కష్టమైనా ప్రజల పని వదల్లేదు. క్షయ పట్టుకుంది. 1928 జూన్ 10న పోయారు. ముప్ఫైతొమ్మిదేళ్లు నిండి అప్పటికి వారమే అయింది.