అన్నమయ్య గొంతు ఎవరిది?

ఓం నమో నారసింహాయ.

ఇటు పాములపాడు నుంచి అటు ఆళ్లగడ్డ దాకా, నంద్యాల జిల్లాలో ఏ ఊరివాళ్లకైనా అహోబిలం స్వామి ఇంటి పెద్దలాంటివాడు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడు, కొండ మీద ఉగ్రనరసింహుడు, చుట్టూ నల్లమలలో మొత్తం తొమ్మిది నరసింహ క్షేత్రాలు. మనలో చాలామంది చిన్నప్పుడే మొక్కు తీర్చుకోవడానికి అక్కడికి వెళ్లి ఉంటాం. తాళ్ళపాక అన్నమాచార్యులవారు వేదాంతం చదువుకున్నది అక్కడే అని మాత్రం చాలామందికి తెలియదు. అన్నమయ్య అనగానే మనకు తిరుమలే గుర్తొస్తుంది కదా!

మన ప్రాంతంతో ఆయనకు ఇంకో బంధం కూడా ఉంది. ఆయన పుట్టిన నందవరీక వంశానికి ఆ పేరు బనగానపల్లె దగ్గరున్న నందవరం నుంచి వచ్చింది. చౌడేశ్వరీ అమ్మవారి నందవరం అన్నమాట.

అన్నమయ్య 1408లో రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టారు. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. ఆయన జీవితం మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం మనవడు చిన్నన్న. తాతగారి చరిత్రను ద్విపదలో రాసిపెట్టాడు. ఆ చరిత్ర ప్రకారం, పిల్లవాడు ఎప్పుడూ పాడుకుంటూ తిరుగుతుంటే ఇంట్లోవాళ్లు విసుక్కుని పశువులకు గడ్డి కోసుకురమ్మని అడవికి పంపారు. అక్కడ కొడవలి తగిలి చిటికెనవేలు తెగింది. ఆ నొప్పిలో పిల్లవాడికి ఒక ప్రశ్న పుట్టింది. నావాళ్లు అనుకుంటున్న వీళ్లలో నిజంగా నావాళ్లెవరు? కొడవలి అక్కడే పారేసి, తిరుమల వెళ్తున్న యాత్రికుల గుంపులో కలిసిపోయాడు. అప్పటికి ఎనిమిదేళ్లు.

కొండెక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర ఆకలికి, అలసటకు సొమ్మసిల్లిపోయాడు. అలమేలుమంగమ్మ ముసలమ్మలా కనిపించిందట. చెప్పులతో ఎక్కుతున్నావు, అందుకే దారి కనిపించడం లేదని చెప్పి, ప్రసాదం పెట్టిందట. కడుపు నిండగానే ఆ పిల్లవాడు ఏం చేశాడో చూడండి. తిన్న చోటే కూర్చుని అమ్మ మీద శతకం చెప్పాడు! అన్నం పెట్టిన తల్లికి తిరిగి ఇవ్వడానికి చేతిలో ఇంకేమీ లేదు. మాట ఒక్కటే ఉంది, అదే ఇచ్చాడు. ఆ తర్వాత ఆయన బతుకంతా ఆ ఒక్క పనే.

పదహారో ఏట, అంటే 1424లో, స్వామి సాక్షాత్కరించి తన మీద పాటలు పాడమన్నాడని సంప్రదాయం చెబుతుంది. అప్పటి నుంచి రోజుకు కనీసం ఒక్క సంకీర్తనైనా చెప్పాలని నియమం పెట్టుకున్నారు. పెళ్లయింది, సంసారం పెరిగింది, అయినా నియమం తప్పలేదు. భార్య తిమ్మక్క కూడా సుభద్రా కళ్యాణం రాసిన కవయిత్రి.

అహోబిలం ఘట్టం ఇక్కడే వస్తుంది. అప్పటికే పేరున్న వాగ్గేయకారుడు మళ్లీ శిష్యుడిగా మారి అహోబిల మఠం ఆది జీయరు ఆదివణ్ శఠకోపయతి దగ్గర కూర్చున్నారు. పాట సహజంగా వస్తుంటే మళ్లీ చదువెందుకు అని మనకనిపించవచ్చు. కానీ దేవుడిచ్చిన విత్తనాన్ని అలాగే వదిలేయకుండా దున్ని, తడిపి పండించడం కూడా కృతజ్ఞతే కదా! గురువు దగ్గర నేర్చుకున్న శరణాగతి భావం తర్వాత ఆయన పదాల్లోకి జానపదుల తెలుగులో దిగింది. జోలపాటలు, కూతలు, కోలాటాలు అన్నీ స్వామికే.

ఆ తర్వాత అసలు పరీక్ష వచ్చింది. సాళువ నరసింహరాయలు ఆయనకు స్నేహితుడు, అభిమాని. 1485 ప్రాంతంలో విజయనగర సింహాసనం ఎక్కింది ఈయనే. పెనుకొండలో ఒకరోజు అన్నమయ్య పాడిన శృంగార సంకీర్తన విని మైమరచిపోయి, తన మీద కూడా అలాంటిదొకటి చెప్పమని అడిగాడు. అడిగింది శత్రువు కాదు, గౌరవించి ఆదరించిన ప్రభువు. ఒక్క పాటే కదా, చెప్పేస్తే పోయేది అని ఎవరైనా అంటారు. అన్నమయ్య చెవులు మూసుకున్నారు. హరిని పాడే నాలుక మనిషిని పాడదని చెప్పేశారు. రాజుకు కోపం వచ్చింది, సంకెళ్లు వేయించాడు. ఖైదులో ఆయన స్వామినే తలచి పాడితే ఆ సంకెళ్లు ఊడిపడ్డాయని చిన్నన్న రాశాడు. రాజు పశ్చాత్తాపపడి క్షమించమన్నాడు. అన్నమయ్య క్షమించి, మిగిలిన కాలం తిరుమలలోనే గడిపారు.

ఈ కథలో అద్భుతం సంకెళ్లు ఊడటం అనుకుంటాం. నాకైతే అంతకంటే పెద్దది, అవి పడతాయని తెలిసి కూడా కాదనగలగడం. ఆ గొంతు తనదైతే అమ్ముకోవచ్చు. తనది కాదు, ఇచ్చినవాడిది అని ఎనిమిదేళ్లప్పుడే తెలుసుకున్నారు ఆయన.

1503లో, ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు పరమపదించారు. చెప్పినవి 32 వేల సంకీర్తనలని సంప్రదాయం. 79 ఏళ్లకు లెక్కేస్తే రోజుకు ఒకటికి పైనే! కొడుకు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించే పని చేపట్టారు. ఆ రేకులు తిరుమల గుడిలోని చిన్న రాతిగదిలో, సంకీర్తన భండారంలో చేరాయి. తర్వాత కాలం మారింది, జనం మర్చిపోయారు. కొన్ని వందల ఏళ్లు అవి చీకట్లోనే ఉండి, 1920లలో మళ్లీ వెలుగు చూశాయి. మనకు దక్కినవి పన్నెండు వేలకు పైనే. మిగిలినవి విన్నది స్వామి ఒక్కడే.

ఎన్ని వ్యూస్ వచ్చాయో చూసుకునే కాలం మనది. అన్నమయ్య పాటలు వందల ఏళ్లు ఒక్కరూ వినకుండా ఉన్నాయి, అయినా అవి వ్యర్థం కాలేదు. చేరాల్సినవాడికి ఏ రోజు పాట ఆ రోజే చేరిపోయింది.

మనందరికీ పాట రాకపోవచ్చు. ఒకరికి లెక్కలు వస్తాయి, ఒకరికి వంట, ఒకరికి రోగి పక్కన ఓపిగ్గా కూర్చోవడం వస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో రోజుకొకసారి తలచుకుని, ఆ రోజు పనిలో కొంచెమైనా స్వామి పేరిట చేద్దాం. ఈసారి అహోబిలం వెళ్తే దర్శనమయ్యాక వెంటనే బస్సెక్కేయకండి. భవనాశిని ఒడ్డున కాసేపు కూర్చోండి. ఆరు వందల ఏళ్ల కిందట ఒక కవి శిష్యుడిగా చదువుకున్న చోటు అది.

ఓం నమో వేంకటేశాయ.