హేరియట్ టబ్మన్ కోరిన ఇల్లు

మార్కు సువార్త 12వ అధ్యాయములో రెండు కాసులు వేసిన బీద విధవరాలిని గూర్చి చదువునప్పుడెల్ల, మాకు అమెరికా దేశపు హేరియట్ టబ్మన్ జ్ఞాపకము వచ్చును.

ఈమె సుమారు 1822లో మేరీలాండ్ రాష్ట్రమున బానిసగా పుట్టెను. 1849లో తప్పించుకొని పోయెను. అయినను మరల మరల తిరిగి వచ్చి సుమారు 70 మందిని విడిపించెను. అంతర్యుద్ధములో ఉత్తర సైన్యమునకు వంట చేసెను, రోగులకు పరిచర్య చేసెను, వేగు చూచెను. 1863 జూన్‌లో కొంబాహీ నదిమీద ఆమె సైన్యమునకు దారి చూపగా 700 మందికి పైగా బానిసలు విడుదల పొందిరి.

యుద్ధము ముగిసెను. ఆమె సేవకు పింఛను రాలేదు. ఆబర్న్ పట్టణములో కష్టపడి బ్రదుకుచు, దిక్కులేనివారిని తన ఇంట చేర్చుకొనెను. 1899లో మాత్రమే, విధవ భత్యముతో కలిపి, నెలకు 20 డాలర్లు మంజూరు చేసిరి.

ముసలివారికిని బీదలకును ఆశ్రయము కావలెనని ఆమె 1896లో 25 ఎకరములు వేలములో కొని, 1903లో తన సంఘమునకిచ్చెను. 1908లో ఆ ఇల్లు తెరచిరి. చేరువారు 100 డాలర్లు కట్టవలెనని నిర్వాహకులు నియమింపగా ఆమె ఒప్పుకొనలేదు. ఏమియు లేనివారి కొరకే ఆమె ఆ ఇల్లు కోరెను. 1911లో తానే రోగియై, బీదరాలై, అందులో చేరి, 1913 మార్చి 10న కన్నుమూసెను.

2024లో మేరీలాండ్ రాష్ట్రము ఆమెకు బ్రిగేడియర్ జనరల్ హోదా నిచ్చెను. గౌరవము వచ్చెను గాని, ఆమె ఆకలి తీరవలసిన దినములు గడచిపోయెను.

సేవచేసి అలసిన స్త్రీ మన గుమ్మము నొద్ద నిలిచినప్పుడు, ఆమె ఏమి తెచ్చెనని అడుగుదుమా? ఆమెకు ఏమి కొరత అని అడుగుదుమా?