జార్జి లెక్లాంషే – మన సెల్లుల వెనుక ఉన్న మనిషి



హైస్కూల్లో భౌతికశాస్త్రం చదివిన మన పెద్దలందరికీ లెక్లాంచి ఘటం బొమ్మ గుర్తుండే ఉంటుంది. గాజు పాత్ర, అందులో ఒక మట్టి పాత్ర, మధ్యలో కర్బన కడ్డీ, పక్కన జింకు కడ్డీ. బొమ్మ గీసి భాగాలు రాస్తే మార్కులు వచ్చేవి. ఆ పేరు ఒక మనిషిదని, ఆయనకూ ఒక బాల్యం, ఒక ఉద్యోగం, కొన్ని కష్టాలు ఉన్నాయని మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు జార్జి లెక్లాంషే. ఫ్రెంచివారు పలికే తీరు అది. మన పుస్తకాల్లో లెక్లాంచి అయింది.

బాల్యం, చదువు

లెక్లాంషే 1839లో ఫ్రాన్స్ దేశంలో జన్మించాడు. తండ్రి దేశం విడిచి వెళ్ళవలసి రావడంతో పిల్లవాడి చదువు ఇంగ్లండులో సాగింది. సొంత ఊరు కాదు, సొంత భాష కాదు. ఇల్లు వదిలి చదువుకోవడమంటే ఏమిటో హాస్టల్లో పెరిగిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తరువాత ప్యారిస్ చేరి, అక్కడి పేరుపొందిన ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజనీరింగు విద్యాలయంలో చదివి 1860లో బయటికి వచ్చాడు. రైల్వే కంపెనీలో ఇంజనీరుగా కొలువు దొరికింది.

ఆ రోజుల్లో రైళ్ళు నడవాలంటే టెలిగ్రాఫు తప్పనిసరి. ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు కబురు తీగ మీదనే పోవాలి. ఆ తీగకు విద్యుత్తు ఇచ్చేవి రసాయన ఘటాలు. అప్పటికి వాడుకలో ఉన్న ఘటాల్లో కొన్నింటికి ఘాటైన ఆమ్లాలు కావాలి. ఆ పొగలకు గదిలో నిలబడడమే కష్టం. మరికొన్ని వాడకపోయినా లోలోపల ఖర్చయిపోయేవి. ఎక్కడో మారుమూల స్టేషనులో వాటిని కనిపెట్టుకుని ఉండడం పెద్ద పని. టెలిగ్రాఫు అవసరం వేరు. రోజంతా ఊరికే ఉంటుంది, కబురు వచ్చినప్పుడు మాత్రం కాసేపు పనిచేయాలి. ఆ పనికి తగిన ఘటం కావాలని లెక్లాంషే భావించాడు.

కొత్త ఘటం

1866లో ఆయన తన ఘటాన్ని లోకానికి చూపించాడు. అందులోని ద్రవం నవాసారం కలిపిన నీళ్ళు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు వాడే నవాసారమే అది, దాని శాస్త్రీయ నామం అమ్మోనియం క్లోరైడు. ఆ నీళ్ళలో జింకు కడ్డీ ఉంటుంది. సన్నని రంధ్రాలున్న మట్టి పాత్రలో కర్బన కడ్డీని నిలిపి, చుట్టూ మాంగనీసు డయాక్సైడును, బొగ్గు పొడిని దట్టించాడు.

ఈ మాంగనీసు డయాక్సైడులోనే అసలు కిటుకు ఉంది. ఘటం పనిచేస్తున్నప్పుడు కర్బన కడ్డీ దగ్గర హైడ్రోజన్ చేరి విద్యుత్తుకు అడ్డుపడుతుంది. దీన్నే ధ్రువణం అంటారు. మాంగనీసు డయాక్సైడు తనలోని ఆక్సిజన్ ఇచ్చి ఆ హైడ్రోజన్‌ను నీరుగా మారుస్తుంది. అయితే ఈ పని నెమ్మదిగా జరుగుతుంది. ఆపకుండా ఎక్కువ కరెంటు లాగితే ఘటం అలసిపోతుంది. కాసేపు విశ్రాంతి ఇస్తే మళ్ళీ కోలుకుంటుంది. రేడియోలో సెల్లులు నీరసిస్తే తీసి ఎండలో పెట్టడం మన ఊళ్ళలో అందరూ చేసిన పనే. అవి మళ్ళీ కాసేపు పాడేవి. ఎండ వాటికి కొత్త శక్తిని పోయలేదు. విశ్రాంతి, వెచ్చదనం కలిసి లోపల మిగిలిన కాస్త శక్తిని బయటికి తెచ్చాయి, అంతే.

1867లో లెక్లాంషే ఉద్యోగం వదిలేసి పూర్తిగా తన ఘటం మీదే పనిచేశాడు. నెల జీతం వదులుకోవడం చిన్న సాహసం కాదు. మరుసటి సంవత్సరమే బెల్జియం టెలిగ్రాఫు శాఖ ఆ ఘటాన్ని స్వీకరించింది. తరువాత ఆయన సొంతంగా కర్మాగారం పెట్టాడు. కానీ ఆయుష్షు కలిసిరాలేదు. 1882లో, 43 ఏళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. కర్మాగారాన్ని తమ్ముడు మోరిస్ నడిపాడు.

టార్చిలైటును, రేడియోను లెక్లాంషే చూడలేదు. 1886లో జర్మనీకి చెందిన గాస్నర్ అనే వైద్యుడు ద్రవం ఒలికిపోకుండా ముద్దగా చేసి, జింకునే డబ్బాగా మలిచి పొడి సెల్లు తయారుచేశాడు. దాని లోపలి సూత్రం లెక్లాంషేదే. ఇప్పటి ఆల్కలైన్ సెల్లులో ద్రావణం మారింది గాని జింకు, మాంగనీసు డయాక్సైడు అలాగే ఉన్నాయి.

మన నేలతో బంధుత్వం

ఆ మాంగనీసు మనకు పరాయిది కాదు. ఆయన చనిపోయిన పదేళ్ళకు, 1892లో, మన కోడూరు ప్రాంతంలో మాంగనీసు తవ్వకం మొదలైంది. మన దేశంలో మాంగనీసు పరిశ్రమకు అదే ఆరంభం. అక్కడి ఒక రకం రాయికి భూగర్భ శాస్త్రజ్ఞులు కోడురైట్ అని ఆ ఊరి పేరే పెట్టారు. చీపురుపల్లి, గరివిడి, గర్భాం పేర్లు వింటే మనకు గుర్తొచ్చేవి ఈ గనులే. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళం జిల్లాలోదే, కనుక ఈ ఖనిజం రెండు జిల్లాల ఉమ్మడి ఆస్తి. ఇక్కడి ఖనిజంలో ఎక్కువ భాగం ఉక్కు పరిశ్రమకే పోతుంది. సెల్లులకు మరింత శుద్ధమైన రకం కావాలి. అయినా పరీక్షలో మనం రాసిన ఆ రసాయనం మన కాళ్ళ కింది మట్టిలో ఉందని తెలిస్తే పాఠం దగ్గరవుతుంది.

కొండ మీద రేడియో

ఇప్పుడు లెక్లాంషే వేసుకున్న ప్రశ్ననే మనం మరోచోట వేసుకుందాం. హ్యామ్ రేడియో గురించి కొందరు వినే ఉంటారు. 12 ఏళ్ళు నిండినవారు ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు పొంది, సొంత వైర్‌లెస్ సెట్టుతో ఇతరులతో మాట్లాడవచ్చు. చేతిలో పట్టుకునే సెట్ల తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి కనుక ఎత్తు మీద ఉంటే దూరం పెరుగుతుంది. 400 మీటర్ల కొండ మీద నుంచి చూపు ఆనే దూరం సుమారు 70 కిలోమీటర్లు. రేడియో తరంగం ఇంకొంచెం ఎక్కువే పోతుంది. అందుకే హ్యాములు సెట్టు మోసుకుని కొండలెక్కుతారు. కొండ మీద కరెంటు ఉండదు. మోసుకెళ్ళిన బ్యాటరీయే దిక్కు.

ఏ బ్యాటరీ తీసుకోవాలి? ముందు పని లెక్క వేయాలి. 12 వోల్టుల చిన్న సెట్టు వినేటప్పుడు 0.4 ఆంపియర్లు, మాట్లాడేటప్పుడు 1.5 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. కొండ మీద ఆరు గంటలు ఉండి, అందులో గంటన్నర మాట్లాడి, నాలుగున్నర గంటలు వింటే మొత్తం సుమారు 4 ఆంపియర్ అవర్లు అవుతుంది.

మామూలు పొడి సెల్లులు వినడానికి సరిపోతాయి. మాట్లాడేటప్పుడు ఎక్కువ కరెంటు లాగగానే వాటి వోల్టేజి పడిపోతుంది. లెక్లాంషే ఘటానికి పుట్టుకతో వచ్చిన అలసట ఇదే. పైగా వాటిని తిరిగి ఛార్జి చేయరాదు, చేస్తే కారిపోవచ్చు, పగలవచ్చు. 7 ఆంపియర్ అవర్ల సీల్డు లెడ్ యాసిడ్ బ్యాటరీ చవక. కానీ బరువు రెండు కిలోల పైమాటే, సగానికి మించి వాడుతూ పోతే త్వరగా పాడవుతుంది. మన లెక్కకు అది బొటాబొటి. 6 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కిలోలోపే ఉంటుంది. అందులో నాలుగు వంతుల్లో మూడు వంతులు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఖరీదు ఎక్కువైనా చాలా ఏళ్ళు వస్తుంది.

ఛార్జరు విషయంలో తొందరపాటు పనికిరాదు. ఏ రకం బ్యాటరీకి ఆ రకం ఛార్జరే వాడాలి. నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి 14.4 నుంచి 14.6 వోల్టుల దగ్గర ఆగిపోయేది కావాలి. మూడు సెల్లుల మామూలు లిథియం అయాన్ బ్యాటరీకి 12.6 వోల్టులే హద్దు. ఒకదాని ఛార్జరు మరొకదానికి పెడితే మంటలే రావచ్చు. సోలారు పలక వాడితే మధ్యలో కంట్రోలరు తప్పనిసరి. కొన్ని చౌక ఛార్జర్లు, కంట్రోలర్లు రేడియోలో గరగర శబ్దం పుట్టిస్తాయి, కొనేముందు సెట్టు పక్కన పెట్టి వినాలి.

ఇది కేవలం సరదా కోసం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాన్లు మన ప్రాంతాన్ని ఎలా కుదిపేశాయో మనం చూశాం. ఉద్దానంలో కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలూ కూలాయి. సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఇంటివాళ్ళు ఎలా ఉన్నారో తెలియక దూరాన ఉన్న పిల్లలు తల్లడిల్లారు. అలాంటి రాత్రి ఒక ఎత్తయిన చోట ఒక సెట్టు, నిండుగా ఛార్జి అయిన ఒక బ్యాటరీ, దాన్ని వాడడం తెలిసిన ఒక మనిషి ఉంటే ఒక ఊరి కబురు బయటికి చేరుతుంది. ఆ మనిషి మన హాస్టల్లో చదివిన విద్యార్థి ఎందుకు కాకూడదు?

మారుమూల స్టేషనుకు ఏ ఘటం పనికొస్తుందని ఆలోచించిన లెక్లాంషేకు పేరు దానంతట అదే వచ్చింది. మనం కూడా సైన్సు పాఠాన్ని మార్కులతో ఆపకుండా మన ఊరి అవసరం దాకా తీసుకుపోదాం. ఈసారి టార్చిలైటులో సెల్లు మార్చేటప్పుడు ఆ ఇంజనీరును ఒక్కసారి తలచుకుందాం.